మ్యాజిక్‌తో సండే స్కూల్ పాఠం: అపోహలు - వాస్తవాలు

"బ్రదర్, నీళ్ళు ద్రాక్షారసంగా మారే ట్రిక్ ఒకటి నేర్పించరా? వచ్చే వారం కానా పెళ్ళి పాఠం ఉంది." వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ స్కూల్) ట్రైనింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒక టీచర్ ఇదే అడుగుతారు. కానా అనే ఊళ్ళో పెళ్ళిలో యేసయ్య నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన పాఠమన్నమాట. నేర్పించనంటే చిన్నబుచ్చుకుంటారు. ఎందుకు నేర్పించనో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

అపోహ: బైబిల్లోని అద్భుతాన్ని మ్యాజిక్‌గా చేసి చూపిస్తే పిల్లల మనసులో బాగా నాటుకుంటుంది.

నాటుకుంటుంది, నిజమే. ఏం నాటుకుంటుందో చూడండి. ఈ తప్పు కొత్తలో నేనూ చేశాను. ఒక గ్లాసులో మంచినీళ్ళలా కనబడే ఫినాఫ్తలీన్ ద్రావణం, ఇంకో గ్లాసు అడుగున కంటికి ఆనని వాషింగ్ సోడా నీళ్ళు. దీన్ని దాంట్లో పోయగానే ముదురు గులాబీ రంగు. పిల్లలు కేకలు, చప్పట్లు. ఆ ఊపులో "యేసయ్య కూడా ఇలాగే మార్చారు" అనేశాను. అందరూ వెళ్ళాక ఎనిమిదేళ్ళ బాబు ఒకడు టేబుల్ దగ్గరే ఉండిపోయాడు. ఖాళీ గ్లాసు ఎత్తి, వెలుతురుకేసి పట్టి, అడుగు చూశాడు. "అంకుల్, యేసయ్య కూడా బానల్లో ముందే ఏదో వేసి పెట్టుకున్నారా?" వాడి గొంతులో వెక్కిరింత లేదు. నేను "ఇలాగే" అన్నాను, వాడు అలాగే అర్థం చేసుకున్నాడు. నాకు నోట మాట రాలేదు.

ట్రిక్ గుట్టు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఇప్పుడైతే ఫోన్‌లో రెండు నిమిషాల పని. ట్రిక్‌నీ అద్భుతాన్నీ మనమే ఒక ముడి వేసి ఉంటే, గుట్టు తెలిసిన రోజు పిల్లవాడు రెండింటినీ కలిపే పక్కన పెట్టేస్తాడు. అందుకే అద్భుతాలకు ట్రిక్ వాడకండి. క్షమాపణ, ఐక్యత, ప్రేమ లాంటి మాటలకు పోలికగా మాత్రమే వాడండి. పొట్టి, మధ్యరకం, పొడుగు, మూడు తాళ్ళు. చేతిలో మడిచి లాగితే మూడూ ఒకే పొడుగు. క్రీస్తులో అందరూ ఒక్కటే అని గలతీ 3:28 చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? చేంజ్ బ్యాగ్‌లో (లోపల రహస్య అర ఉన్న సంచి) మురికి గుడ్డ వేసి తెల్లది తీస్తే, పాపాలు మంచులా తెల్లబడతాయనే యెషయా 1:18. అక్కడ సంచి క్షమాపణకు గుర్తే గానీ రుజువు కాదు.

మొదలుపెట్టే ముందే పిల్లలకు చెప్పేయండి: "ఇది ట్రిక్. నేను అద్దం ముందు చాలాసార్లు ప్రాక్టీస్ చేశాను. నాకు ఏ శక్తీ లేదు." గుట్టు విప్పనక్కర్లేదు. ఇలా చెబితే సరదా పోతుందని టీచర్లు భయపడతారు గానీ, పోవడం నేనైతే ఒక్కసారీ చూడలేదు.

మరి కానా పాఠానికి ఏం చేయాలి? నీళ్ళు మోయించండి. యోహాను 2లో ఉన్నవి ఆరు రాతిబానలు. ఒక్కోటి రెండేసి మూడేసి తూములు, అంటే సుమారు 80 నుంచి 120 లీటర్లు. పిల్లల చేత ఒక్క డ్రమ్మును చెంబులతో అంచుల దాకా నింపించండి. చేతులు లాగుతున్నాయని వాళ్ళంతట వాళ్ళు అన్నాక, ఇలాంటివి ఆరు నింపిన పనివాళ్ళ సంగతి చెప్పండి. ఇప్పుడు నేను చేసేది ఇదే.

అపోహ: ఇది మంత్రవిద్య, బైబిల్ వద్దంది.

ఈ భయంతో వచ్చే అమ్మల్ని నేను తప్పుపట్టను. ద్వితీయోపదేశకాండము 18:11 తెలుగులో "ఇంద్రజాలకుడు" అనే మాటే ఉంది మరి. కానీ ఆ జాబితా మొత్తం చదవండి. శకునాలు, చిల్లంగి, కర్ణపిశాచి, దయ్యాల దగ్గర విచారణ. అన్నీ ఆత్మల సాయం అడిగే పనులు. అపొస్తలుల కార్యములు 19:19లో తగలబెట్టిన 50,000 వెండి రూకల మంత్రవిద్య పుస్తకాలూ ఆ కోవలోవే. మనది హస్తలాఘవం. ఈ తేడా చెప్పడానికే రెజినాల్డ్ స్కాట్ అనే రచయిత 1584లోనే ఇంగ్లండులో గారడీల గుట్టు అచ్చు వేయించాడు. 1815లో ఇటలీలో పుట్టి, తర్వాత కేథలిక్ ఫాదర్ అయిన జాన్ బోస్కో చిన్నతనంలో గారడీ చేసి, తాడు మీద నడిచి, మధ్యలో ఆపి చర్చిలో విన్న ప్రసంగం తోటివాళ్ళకు చెప్పేవాడు. "సాతాను ఉచ్చు" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్ళు నా ట్రిక్‌లోని ఆ మూడు తాళ్ళను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తే బాగుండు. కంగారు పడే అమ్మ ఉంటే మాత్రం క్లాసుకు ముందే పిలిచి సంచి ఆమె చేతికివ్వండి, లోపలి అర కూడా చూపించండి. ఆమె మనశ్శాంతి కంటే మన గుట్టు ఎక్కువ కాదు.

మిగతావి క్లుప్తంగా. ఖరీదైన సామాను అక్కర్లేదు, తాడు, రుమాలు, పాత న్యూస్‌పేపర్ చాలు. ఒక పాఠానికి ఒక్క ట్రిక్. రెండోది చేస్తే వాక్యం గుర్తుండదు.

పాపానికి నల్ల గుడ్డ వాడకండి. "నలుపంటే పాపం" అని నేను అన్న రోజు ముందు వరుసలో ఒక పాప తన చేతులు మెల్లగా గౌను కింద దాచుకుంది. అప్పటి నుంచి నాది మట్టి మరకల గుడ్డే.

అయోడిన్ కలిపిన నీళ్ళు హైపోతో (ఫొటోలు కడగడానికి వాడే రసాయనం) తేటపడే ట్రిక్ చేసేవాళ్ళు చివరి ప్రార్థనకు ముందే గ్లాసు ఖాళీ చేయండి. కళ్ళు మూసుకున్న ఆ నిమిషంలో దాహం వేసిన పిల్లవాడికి అవి మంచినీళ్ళే.