మడకు కావలసింది నీటి దారి: గోదావరి డెల్టాలో మడ అడవుల పునరుద్ధరణ వెనుక కథ

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటగానే ఎడమ చేతి వైపు పచ్చగా కనిపించేది కోరంగి మడ అడవి. అక్కడి నేల సగం నదిది, సగం సముద్రానిది. సప్తగోదావరి పాయల్లో తుల్యభాగ చొల్లంగి దగ్గరే సముద్రంలో కలుస్తుందని నమ్మి పుష్య బహుళ అమావాస్యనాడు జనం అక్కడ స్నానాలు చేస్తారు. పైనుంచి వచ్చే ఒండ్రుతో కూడిన మంచినీరు, కింది నుంచి రోజుకు రెండుసార్లు వచ్చే పోటునీరు కలిసే చోటనే మడ పెరుగుతుంది. ఈ రెంటిలో ఏది తగ్గినా ముందుగా దెబ్బతినేది ఆ చెట్టే. గత నూట డెబ్బై ఏళ్లలో డెల్టాలో జరిగిన ప్రతి పెద్ద మార్పూ ఈ రెండు నీటి దారుల్లో ఏదో ఒకదానిని తాకింది. అందువల్ల పునరుద్ధరణను మొక్కలు నాటే కార్యక్రమంగా మాత్రమే చూస్తే ఈ చరిత్ర అర్థం కాదు.

కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, మరమ్మతులు చేసేవారు అక్కడ ఉండేవారు. ఈ తీరం నుంచి బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లను రంగూన్‌లో ‘కొరంగీలు’ అనడం ఆ రేవు పేరు ఎంత దూరం పోయిందో చెబుతుంది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానుల ఉప్పెనలు ఆ ఊరిని ఊడ్చిపెట్టాయి. 1839లో సుమారు 3 లక్షల మంది చనిపోయారని చాలాచోట్ల రాస్తారు గానీ, ఆ కాలంలో ఆ చుట్టుపక్కల అంత జనాభా ఉండేదా అన్నది అనుమానమే. రేవు పూడిపోయి వ్యాపారం కాకినాడకు తరలింది. మిగిలిన బురద నేలలు మడకు దక్కాయి.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట కోనసీమను అన్నపూర్ణగా మార్చిందన్నది నిజం, ఆ రుణాన్ని ఈ డెల్టా ఏనాడూ మరిచిపోలేదు. అయితే ఆనకట్ట కింద నదికి కొత్త రుతువులు ఏర్పడ్డాయన్నది కూడా నిజమే. వర్షాకాలపు వరద సముద్రంలోకి పోతుంది, దాళ్వా (రెండో వరి పంట) రోజుల్లో నీరంతా కాలవలకు మళ్లుతుంది. వేసవిలో గౌతమి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, మంచినీరు పలచబడే కొద్దీ, ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. మడ ఉప్పును తట్టుకుంటుంది కానీ ఉప్పును కోరుకోదు. తరువాతి కాలంలో పాత ఆనకట్ట స్థానంలో బరాజ్ వచ్చింది, నదికి ఎగువన మరెన్నో జలాశయాలు కట్టారు. వాటి ప్రభావం చివరిలో చెబుతాను.

రెండో దెబ్బ గొడ్డలిది. వంట చెరకు కోసం, కంచెల కోసం, ఇళ్ల వాసాల కోసం ఊరివాళ్లు కొట్టుకున్నది కొంత. గేదెలు మేసి తొక్కినది మరికొంత. అయితే అటవీ శాఖే దశాబ్దాల తరబడి కూపులు (నరకడానికి గుర్తించిన అడవి ముక్కలు) వేసి వరుసగా నరికించడం వల్ల జరిగిన నష్టం వేరే రకానిది. మెరక నేల మీద అడవిని నరికితే కొన్నాళ్లకు మళ్లీ చిగురిస్తుంది. మడ నేల మీద అలా జరగదు. నీడ పోయిన బురద ఎండకు ఎండి కుంగిపోతుంది, చుట్టూ ఉన్న నేల కంటే పల్లమై పళ్లెంలా తయారవుతుంది. పెద్ద పోటుకు అందులో చేరిన నీరు పాటుకు, అంటే సముద్రం తగ్గేటప్పుడు, వెనక్కి పోలేక నిలిచి ఎండుతుంది, ఉప్పు అడుగున మిగులుతుంది. ఏడాదికేడాది ఇలా పేరుకుంటే ఆ నేలలో ఉప్పును తట్టుకునే ఇలకూర మొక్క తప్ప మరేదీ మొలవదు. అలాంటి చోట ఎన్ని మొక్కలు నాటినా వృథా.

1978లో కోరంగిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో నీటిపిల్లి, నీటికుక్క, వలస పక్షులు, తీరపు ఇసుక మీద గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రక్షణ కిందికి వచ్చాయి. కానీ అభయారణ్యం సరిహద్దుకు బయట ఉన్న మడ నేలలకు ఆ రక్షణ లేదు. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్యకు ధర పలికినప్పుడు వరిచేలూ, చవుడు నేలలూ, మడ నేలలూ చెరువులయ్యాయి. 1990ల మధ్య తెల్లమచ్చ వైరస్ వచ్చి పెట్టుబడి పెట్టినవాళ్లు అప్పులపాలయ్యారు, చెరువులు పాడుపడ్డాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలోని రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టం ఆ బిగింపును సడలించింది. పాడుపడిన చెరువు దానంతట అది అడవిగా మారదు: నాలుగు వైపులా గట్లు ఉంటాయి, తూము మూసుకుపోయి ఉంటుంది, పోటునీరు లోపలికి రాదు.

ఆ తీర్పుకు నెల రోజుల ముందే, 1996 నవంబరు 6న, తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో వేటకు వెళ్లిన ఎంతోమంది తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరి నేలమట్టమైంది. మడను అడ్డుగోడగా చూడడం ఆ తరువాత పెరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, గ్రామస్థుల సంఘాలు కలిసి, కెనడా సహాయ నిధితో, గోదావరి, కృష్ణా మడ అడవుల్లో కొత్త పద్ధతి పట్టాయి. ముందు కాలవ తవ్వాలి, తరువాతే మొక్క. పళ్లెంలా కుంగిన నేల గుండా పెద్ద కాలవ ఒకటి తవ్వి దగ్గరి పాయకు కలుపుతారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటు వచ్చినప్పుడు నీరు పిల్ల కాలవల చివరిదాకా పాకుతుంది, పాటుకు అదే దారిన వెనక్కి జారుతూ నేలలోని ఉప్పును కొంచెం కొంచెంగా కడుక్కుపోతుంది. నేల కుదుటపడ్డాక, కాలవ గట్టు వాలులో, నీరు తడిపి వెళ్లే మట్టంలో తెల్లమడ మొక్కలు నాటుతారు. మరీ కింద నాటితే మునిగి కుళ్లుతాయి, మరీ పైన నాటితే ఎండిపోతాయి. ఆ జానెడు తేడా తెలిసినవాళ్లు ఆ ఊళ్ల మత్స్యకారులే, ఆ కాలవల్లోకి మొదట వచ్చి చేరిన మండపీతనూ, పండుగప్ప పిల్లనూ గుర్తుపట్టినవాళ్లూ వాళ్లే.

భారత అటవీ సర్వే లెక్కల్లో రాష్ట్రపు మడ విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 2003లో 329, 2021లో 405. కొలిచే పద్ధతులు మారుతూ వచ్చాయి కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి మరీ గట్టిగా వాదించలేం. 2023లో కేంద్రం తీరప్రాంతమంతటా మడ పెంపకానికి ‘మిష్టి’ పథకాన్ని ప్రారంభించింది. దానికి మూడేళ్ల ముందు కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చేసిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

మిగిలింది ఎగువ జలాశయాల సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో 150 మిలియన్ టన్నుల స్థాయి నుంచి 2000 తరువాత 57 మిలియన్ టన్నులకు పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆగిన ఆ మట్టిని కింద ఎన్ని చేపముల్లు కాలవలు తవ్వినా తిరిగి తేలేం. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ చాటున, అలల తాకిడి లేని కాకినాడ అఖాతపు బురదలో ఎవరూ నాటకుండానే మడ కొత్తగా మొలుస్తున్నది. బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉన్న వైపు మాత్రం, వేళ్ల కింది మన్ను కొట్టుకుపోయిన చెట్లు ఆకు పచ్చగా ఉండగానే ఒరిగిపోతున్నాయి.