గట్టు మీద కూర్చుని వేసిన లెక్క: గ్రే వేల్స్ పెరిగిన కథ, తగ్గిన కథ

ఆర్కిటిక్ నుంచి మెక్సికో దాకా, కాలిఫోర్నియా తీరం వెంబడి వలస వెళ్లే గ్రే వేల్ తిమింగలాలు 2016 నాటికి దాదాపు 27,000 ఉండేవి. 2024-25 శీతాకాలపు అంచనా సుమారు 13,000. ఈ రెండు అంకెలకూ ఆధారం ఒడ్డున గట్టు మీద కూర్చుని చూసిన మనుషుల కళ్లే.

1857లో చార్లెస్ స్కామన్ అనే వేట ఓడ కెప్టెన్ మెక్సికోలోని ఓహో దె లియెబ్రె లాగూన్‌లోకి దారి కనిపెట్టాడు. మన పులికాట్ లాంటి లోతులేని నీళ్లవి. చూడి తిమింగలాలు పిల్లల్ని కనేది అలాంటి చోట్లే. వేటగాళ్లు తల్లుల్నే చంపడంతో కొన్నేళ్లకే మంద బాగా తగ్గిపోయింది. 1946 అంతర్జాతీయ ఒప్పందంతో వాణిజ్య వేట నుంచి వాటికి రక్షణ దొరికింది. దాదాపు అప్పుడే కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త కార్ల్ హబ్స్, ఆయన విద్యార్థులు భవనం పైకప్పు ఎక్కి, దాటిపోయే తిమింగలాలను లెక్కపెట్టారు. 1950లో శాన్ డియాగోలోని కాబ్రియో స్మారక స్థలంలో జనం కోసం చూసే చోటు తెరిస్తే, మొదటి ఏడాదే 10,000 మంది వచ్చారు. ఆ తర్వాత అదే తీరంలోని కార్మెల్ ఊరి దగ్గర ప్రభుత్వ లెక్క మొదలై, 1970ల నుంచి ఆ దగ్గర్లోని గ్రానైట్ కాన్యన్‌లో సాగుతోంది. మంద కోలుకుందని 1994లో అమెరికా అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు.

లెక్క వేసేవారు ముందు వట్టి కళ్లతో సముద్రాన్ని గాలిస్తారు. ఊపిరి పిచికారీ కనబడగానే బైనాక్యులర్స్‌లోని గీతలతో దూరం, దిక్సూచితో దిశ, గడియారంతో సమయం రాసుకుంటారు. ఒకే నీళ్లను ఇద్దరు విడివిడిగా చూస్తే ఎన్ని కంటికి చిక్కకుండా పోతున్నాయో తేలుతుంది. రాత్రి దాటినవాటికి వేరే సవరణ ఉంటుంది. పొగమంచు కమ్మినా, గాలికి తెల్లటి నురుగు లేచినా పని ఆగిపోతుంది, ఎందుకంటే ఆ నురుగు అచ్చం పిచికారీలాగే కనిపిస్తుంది.

ఒడ్డున మామూలుగా చూసేవారూ ముందు పిచికారీ కోసమే వెతకాలి. రెండు ముక్కురంధ్రాలు ఉండటంతో ఎదురుగా చూస్తే పిచికారీ హృదయాకారంలో, 3-4 మీటర్ల ఎత్తున లేస్తుంది. వీపు మీద రెక్క ఉండదు, తోక వైపు గణుపులు మాత్రమే కనిపిస్తాయి. 15-30 సెకన్లకోసారి మూడు నుంచి ఐదు ఊపిర్లు తీసుకుని, తోక పైకెత్తి మునుగుతుంది. మునిగిన చోటే చూస్తూ కూర్చోవడం కొత్తవారు చేసే పొరపాటు. నీటి అడుగున 3-5 నిమిషాలు, గంటకు 6 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది కాబట్టి, 300-500 మీటర్లు ముందుకెళ్లి తేలుతుంది. డిసెంబరు-ఫిబ్రవరి మధ్య దక్షిణానికి పోతుంటాయి గనుక, సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమవైపు చూడాలి. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువారికి దగ్గరి చోటు పాయింట్ రేయస్. లైట్‌హౌస్ దాకా 313 మెట్లు దిగాలి, తిరిగి ఎక్కాలి.

ఇక తగ్గడానికి కారణం ఆర్కిటిక్ బురదలోనే ఉంది. వేసవిలో బేరింగ్, చుక్చీ సముద్రాల అడుగున ఉండే యాంఫిపాడ్లనే చిన్న జీవులను మేసి కొవ్వు పట్టించుకుంటే, మిగతా కాలమంతా దాదాపు ఆ కొవ్వు మీదే బతకాలి. మంచుకు అంటుకున్న నాచు అడుగుకు రాలి ఆ జీవులకు మేతవుతుంది. మంచు తగ్గితే ఆ గొలుసు తెగుతుంది. 2018 చివరి నుంచి 2023 దాకా 690 కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చాలావి తిండి లేక బక్కచిక్కి ఉన్నాయి.

వసంతంలో తల్లులు పిల్లలతో ఉత్తరానికి తిరిగి వెళ్తాయి, అలలు విరిగే చోటికి దగ్గరగా. కాలిఫోర్నియా తీరంలోని పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఆ జంటలను 1994 నుంచి లెక్కిస్తున్నారు. 2025లో పిల్లల అంచనా సుమారు 85. లెక్క మొదలయ్యాక ఇంత తక్కువ ఎన్నడూ లేదు.