ఒకే కథ, మూడు గ్రంథాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి ఆలయం, దర్గా, మేరీమాత చర్చి ఉన్నాయి. మతాలన్నీ ఒకటేననడానికి అదే నిదర్శనమంటూ, యూదుల హీబ్రూ గ్రంథం (క్రైస్తవులకు పాత నిబంధన), క్రైస్తవుల కొత్త నిబంధన, ముస్లింల ఖురాన్ చెప్పేది కూడా ఒకటేనని కొందరు విద్యార్థులు నమ్మకంగా చెబుతారు. అవి ఏ విషయంలోనూ కలవవని వాదించేవారూ అదే తరగతిలో ఉంటారు. తులనాత్మక మతాధ్యయనం బోధించే నాకు ఈ రెండు అభిప్రాయాల వెనుకా కనిపించే కారణం ఒక్కటే: మూలవాక్యంలో ఉన్నదేమిటో, తరవాతి శతాబ్దాల వ్యాఖ్యాతలు చేర్చినదేమిటో విడదీసి చూడకపోవడం.

అపోహ: ఏదెను తోటలో హవ్వను మోసగించినది సాతాను అనీ, ఆ పాపం మనుషులందరికీ సంక్రమించిందనీ మూడు గ్రంథాలూ చెబుతాయి.

వాస్తవం: హీబ్రూ గ్రంథంలో మొదటిదైన ఆదికాండం మూడో అధ్యాయంలో ఉన్నది పాము మాత్రమే; సాతాను పేరు అక్కడ లేదు. ఆ ఆది సర్పమే సాతాను అనే మాట కొత్త నిబంధనలోని ప్రకటన గ్రంథం 12:9లో (12వ అధ్యాయం, 9వ వచనం) వస్తుంది. ఖురాన్‌లో పాము ఊసే లేదు. షైతాన్ స్వయంగా వచ్చి ఆదం దంపతులిద్దరినీ ప్రలోభపెడతాడు, ఇద్దరూ కలిసి క్షమాపణ వేడుకుంటారు (7:20-23), దేవుడు ఆదం పశ్చాత్తాపాన్ని స్వీకరిస్తాడు (2:37). నేరం హవ్వ ఒక్కతె మీద మోపడం ఆ కథనంలో కనిపించదు. జన్మపాపం విషయానికొస్తే, రోమీయులకు పౌలు రాసిన పత్రిక 5:12ను ఆధారం చేసుకుని దానికి సిద్ధాంతరూపం ఇచ్చినవాడు క్రైస్తవ వేదాంతి ఆగస్టీన్ (354-430), ఆయన చెప్పిన రూపంలో దానిని తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు సైతం అంగీకరించవు. తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని హీబ్రూ గ్రంథంలోని యెహెజ్కేలు 18:20, ఒకరి భారాన్ని మరొకరు మోయరని ఖురాన్ 6:164 చెబుతున్నాయి.

అపోహ: దేవుని ఆజ్ఞ మేరకు అబ్రాహాము బలికి సిద్ధపరచిన కుమారుడు ఇష్మాయేలు అని ఖురాన్ పేరుపెట్టి చెబుతుంది.

వాస్తవం: ఆదికాండం 22వ అధ్యాయం ఇస్సాకు పేరు చెబుతుంది గానీ, ఖురాన్ 37వ సూరా (అధ్యాయం)లోని బలి వృత్తాంతంలో ఆ కుమారుడి పేరే లేదు. అందుకే ఖురాన్ వ్యాఖ్యాతలు రెండు పక్షాలయ్యారు. 923లో మరణించిన తబరీ ఇస్సాకు వైపు మొగ్గగా, 14వ శతాబ్దపు ఇబ్న్ కసీర్ ఇష్మాయేలు అని గట్టిగా వాదించాడు. బలి ఘట్టం ముగిశాకే ఇస్సాకు జననవార్త వస్తుంది (37:112) అన్నది ఆ పక్షంవారి ప్రధాన ఆధారం. ముస్లింలలో ఇప్పుడు అత్యధికులది ఈ అభిప్రాయమే. బక్రీద్ దగ్గరపడిన ప్రతిసారీ ఈ పేరు మీదే చర్చ జరుగుతుంది గానీ, నా దృష్టిలో అంతకంటే లోతైన తేడా మరొకటి ఉంది. ఖురాన్‌లో కొడుకును బలి ఇస్తున్నట్టు వచ్చిన కలను తండ్రి ఆ కొడుకుకే చెప్పి అభిప్రాయం అడుగుతాడు, కొడుకు సమ్మతిస్తాడు (37:102). ఆదికాండంలోని ఇస్సాకు గొర్రెపిల్ల ఏదని అడిగితే, దేవుడే చూసుకుంటాడన్న జవాబు తప్ప అసలు సంగతి తెలియదు. అతడూ ఇష్టపూర్వకంగానే సిద్ధపడ్డాడని యూదు వ్యాఖ్యానాలు తరవాత చెప్పాయి. కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (11:17-19) మాత్రం కొడుకు చనిపోయినా దేవుడు లేపగలడన్న అబ్రాహాము విశ్వాసం మీద దృష్టి నిలిపింది.

అపోహ: క్రైస్తవులకు ముగ్గురు దేవుళ్లు.

వాస్తవం: దేవుడొక్కడే అనే, హీబ్రూ గ్రంథంలోని ద్వితీయోపదేశకాండం 6:4ను యేసు ప్రధానమైన ఆజ్ఞగా ఉదహరించినట్టు మార్కు సువార్త 12:29లో ఉంది. 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన క్రైస్తవ మతపెద్దల సభలు త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురి భావనను) ఆ ఏకత్వానికి లోబడే నిర్వచించాయి. అయితే దేవునికి కుమారుడు ఉండడాన్ని ఖురాన్ 112వ సూరా నిరాకరించడం, యేసు దైవత్వాన్ని యూదులు ఒప్పుకోకపోవడం నిజమైన విభేదాలు. వాటిని మాటల సర్దుబాటుతో చెరిపేయలేము.

అపోహ: స్వర్గనరకాల వర్ణన మూడింటిలోనూ ఒకేలా ఉంటుంది.

వాస్తవం: ఖురాన్‌లో అది పదేపదే, విపులంగా వస్తుంది. హీబ్రూ గ్రంథంలో చాలాచోట్ల మృతులందరూ చేరే పాతాళం తప్ప మరేమీ ఉండదు; మృతులు లేస్తారన్న స్పష్టమైన మాటకు దానియేలు 12:2 దాకా రావాలి. యేసు కాలంలో యూదుల్లోనే పరిసయ్యులనే వర్గం పునరుత్థానాన్ని నమ్మితే సద్దూకయ్యులనే వర్గం కాదంది. కనుక మరణానంతర జీవితం గురించి యూదులు ఏమంటారని అడిగినవారిని, ఏ కాలపు యూదులని నేను ఎదురు ప్రశ్నించక తప్పదు.