గండం సరే, గండి సంగతేంటి?

"మా బావ ఆ రాత్రి డెల్టా ప్యాసింజర్ ఎక్కాల్సింది సార్, ఆటో దొరక్క రైలు తప్పిపోయింది, గండం గడిచింది." మొన్న సికింద్రాబాద్ స్టేషన్ బయట టీ తాగుతుంటే ఒకాయన అన్నమాట ఇది. వలిగొండ సంగతి, 2005 అక్టోబర్ 29. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న బండి తెల్లవారకముందే వరదలో పడి వంద మందికి పైగా పోయారు. రైలు తప్పేవాళ్లు రోజూ ఉంటారు, మామూలు రోజుల్లో ఆటోవాణ్ణి తిట్టుకుంటూ ఇంటికెళ్తారు. నాకు మాత్రం గండం కన్నా గండి మీదే ఆసక్తి.

పైన చెరువు తెగింది, ఆ నీళ్లు పట్టాల కింది చిన్న వంతెనను ఊడ్చుకుపోయాయి. చిన్న వాగుకి అంత బలమా? ఉంటుంది. నీటి తోపు వేగం వర్గాన్ని బట్టి, రాయి ఎదురొడ్డే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, రాయి బరువేమో దాని సైజు ఘనాన్ని బట్టి. రెండూ సరితూగే చోటు లెక్కగడితే, నీళ్లు దొర్లించగల రాయి బరువు వేగానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. సెకనుకి మీటరు వేగంతో పారే నీళ్లు 10 గ్రాముల గులకరాయిని కదిలిస్తాయనుకుందాం. వేగం రెట్టింపైతే 64 రెట్లు, 640 గ్రాములు, అంటే పట్టాల కింద పరిచే కంకర హాయిగా కొట్టుకుపోతుంది. మూడింతలైతే 7 కిలోలు దాటిపోతుంది!

నమ్మకం కుదరక మా సందులో ఇల్లు కడుతున్నచోట ఇసుక కుప్ప మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, బకెట్ నీళ్లు మెల్లగా పోశాను, ఇసుక తడిసిందంతే. రెండో బకెట్ ఒక్కసారిగా గుమ్మరిస్తే కింద ఇసుక జారిపోయి స్కేలు గాల్లో వేలాడింది, పైనుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. పట్టాలదీ అదే కథ. పట్టా విరిగితే ట్రాక్ సర్క్యూట్‌లో, అంటే పట్టాల గుండా పారే చిన్న కరెంటు దారిలో, కరెంటు ఆగి సిగ్నల్ ఎర్రగా మారుతుంది. కింద నేల లేకపోయినా పట్టా తెగకపోతే కరెంటు పారుతూనే ఉంటుంది. అందుకే వానాకాలంలో మనుషులే రాత్రుళ్లు లాంతరు పట్టుకుని లైను వెంట నడవాలి.

1956 సెప్టెంబర్‌లో జడ్చర్ల దగ్గర కూడా వంతెన కూలి వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, నవంబర్‌లో తమిళనాడులోని అరియలూర్ రైలు ప్రమాదం తర్వాతే ఒప్పుకున్నారు. బళ్లో మాకు రాజీనామా పాఠం చెప్పారు గానీ వంతెనలెందుకు కూలతాయో ఒక్క మాటా చెప్పలేదు.

వలిగొండలో వెనక బోగీల్లో ఉన్న చాలామంది బతికారు. టీ తాగుతున్నాయన్ని అడిగాను, మీ బావ మామూలుగా ఏ బోగీ ఎక్కుతాడని. "ఇంజన్ పక్కదే సార్, దిగగానే గేటు దగ్గరవుద్దని."