మళ్లీ అదే చోట మచ్చ

విరేచనాలు పట్టుకుంటే వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో. స్ట్రిప్పులోంచి నాలుగు గోలీలు కత్తిరించి ఇస్తారు. విరేచనాలు తగ్గుతాయి. కానీ కొందరికి పెదవి మీదో, చేతి మీదో, మర్మాంగం దగ్గరో గుండ్రంగా ఎర్రటి మచ్చ లేస్తుంది. మంట పుడుతుంది, ఒక్కోసారి బొబ్బ కడుతుంది. మానాక నల్లటి మచ్చ మిగులుతుంది. వేడి చేసిందనుకుని ఊరుకుంటారు. ఎప్పుడో మళ్లీ అదే గోలీ వేసుకుంటే, కొన్ని గంటల్లోనే సరిగ్గా అదే చోట మచ్చ లేస్తుంది.

డాక్టర్లు దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. మొదటిసారి అక్కడికి చేరిన టీ కణాల్లో (ఇవి ఒంటి రోగనిరోధక కణాలు) కొన్ని, మచ్చ మానాక కూడా చర్మం పై పొరలోనే ఉండిపోతాయి. ఆ మందు మళ్లీ ఒంట్లోకి రాగానే మేల్కొని చుట్టూ ఉన్న చర్మకణాలను చంపుతాయి. అప్పుడు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కింది పొరలోకి దిగిపోతుంది కాబట్టే ఆ నలుపు నెలల తరబడి వదలదు. మందు వాడినప్పుడల్లా కొత్త చోట్ల కూడా మచ్చలు రావచ్చు.

టినిడజోల్, ఆర్నిడజోల్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్‌లు దీనికి తరచూ కారణం. చాలా విరేచనాల గోలీల్లో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ రెండూ కలిసే ఉంటాయి కనుక ఏది పడలేదో తేల్చడం కష్టం. కంపెనీ మారితే పైన పేరూ మారుతుంది, లోపల మందు అదే. నన్ను ఎక్కువ బాధపెట్టేది మర్మాంగం దగ్గర వచ్చే మచ్చ. సుఖరోగమేమోనని భయపడి, ఇంట్లో చెప్పుకోలేక, దానికి ఇంకో యాంటీబయాటిక్ వాడేవాళ్లున్నారు.

మిగతా రియాక్షన్ల తీరు వేరు. అమాక్సిసిలిన్‌తో ఒంటినిండా ఎర్రటి పొక్కులు సాధారణంగా వారానికి అటూఇటూగా వస్తాయి. డాక్సీసైక్లిన్ వాడుతూ పత్తి చేన్లో ఎండకు పనిచేస్తే చర్మం మామూలుకన్నా త్వరగా కమిలిపోతుంది. గోలీ వేసుకున్న గంటలోపే దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. జ్వరంతో పాటు కళ్లు ఎర్రబడి, నోరు పూసి, చర్మం నొప్పెడుతూ ఊడుతుంటే అది స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. గోలీలు ఆపేసి వెంటనే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి చేరాలి.

గోలీలు కొనేటప్పుడు మందు పేరున్న ముక్క అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మచ్చ వస్తే ఆ ఫొటో డాక్టరుకు చూపించండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు రోగులే ఫోన్ చేసి చెప్పొచ్చు.