సీఎంఎం మీద జాబ్ అలైన్‌మెంట్: అపోహలు, వాస్తవాలు

సీఎంఎం (కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్) అంటే జాబ్‌ను, అంటే కొలవాల్సిన భాగాన్ని, ప్రోబ్‌తో తాకి పాయింట్లు తీసి కొలిచే మెషీన్. జాబ్ ఎక్కడ, ఎటు తిరిగి ఉందో దానికి తెలియజేయడమే అలైన్‌మెంట్.

అపోహ: డయల్ గేజీ పెట్టి జాబ్‌ను మెషీన్ అక్షాలకు నేరుగా కూర్చోబెట్టాలి.

అక్కర్లేదు, అది మిల్లింగ్ అలవాటు. కాస్త వంకరగా ఉన్నా సాఫ్ట్‌వేర్ లెక్క కట్టుకుంటుంది. లోతు రంధ్రాల్లో స్టైలస్ (ప్రోబ్ కొసన తాకే పుల్ల) కాడ గోడకు తగలనంత నేరుగా ఉంటే చాలు. జాబ్ కదలకూడదు, అలాగని పల్చటి జాబ్‌ను గట్టిగా బిగించకూడదు. బిగింపులో ఓకే అయిన ఫ్లాట్‌నెస్ (చదును) క్లాంపు విప్పగానే పోతుంది.

అపోహ: 3-2-1 అంటే ఆరు పాయింట్లు తాకిస్తే పని అయిపోయినట్టే.

3-2-1 అంటే ప్లేన్‌కు మూడు, లైన్‌కు రెండు, ఆరిజిన్‌కు (కొలతల సున్నా బిందువుకు) ఒక పాయింటు. ఎక్కువ రిజెక్షన్ గొడవలు ఇక్కడే పుడతాయి. మూడు తిరగడాలు, మూడు జరగడాలు కట్టడి చేయడానికి ఆరు పాయింట్లు కనీసం, అంతే. 3 పాయింట్లతో తీసిన ప్లేన్ ఎంత వంకర తలమైనా ఫ్లాట్‌నెస్ సున్నా అనే చూపిస్తుంది. అంచుల దాకా పరిచి 8 అయినా తీయండి.

ఇక లైన్. 10 మి.మీ. ఎడంలో రెండు పాయింట్లు తీశారు, ఒకచోట 0.01 మి.మీ. బర్ (కోతలో మిగిలిన గరుకు అంచు) ఉంది అనుకోండి. 200 మి.మీ. దూరంలోని రంధ్రం 0.2 మి.మీ. పక్కకు పోయినట్టు రిపోర్టు వస్తుంది. పాపం, రంధ్రం బాగానే ఉంటుంది! ముఖం ఎంత పొడవుంటే పాయింట్లు అంత దూరంగా తీయాలి.

వరస కూడా ముఖ్యం: ముందు ప్లేన్ తీసి లెవెల్ చేయాలి, ఆ తర్వాతే లైన్ తీసి తిప్పాలి, చివర్న ఆరిజిన్. చేత్తో తీసింది మెషీన్‌కు దారి చూపడానికే. అవే డేటమ్‌లను (కొలతలకు ఆధారమైన ముఖాలను) సీఎన్‌సీ మోడ్‌లో, అంటే మెషీన్ తనంతట తానే కదిలేలా, మళ్లీ తీయించి, ఆ అలైన్‌మెంట్ మీదే కొలవాలి.

అపోహ: బెస్ట్‌ఫిట్ పెడితే కొలతలు బాగా వస్తాయి.

బెస్ట్‌ఫిట్ అంటే తీసిన పాయింట్లన్నీ డ్రాయింగుకు వీలైనంత దగ్గరగా వచ్చేలా సాఫ్ట్‌వేర్ జాబ్‌ను సర్దడం. కొలతలు బాగా వస్తాయి, చిక్కంతా అదే. తప్పును అన్ని ఫీచర్లకూ పంచి దాచేస్తుంది. అసెంబ్లీలో జాబ్ కూర్చునేది డ్రాయింగులో మొదటిదైన ఎ డేటమ్ మీద. ఎ, బి ముఖాలు కచ్చితంగా లంబంగా లేకపోతే, వాటి వరస మార్చినా రిపోర్టు మారిపోతుంది. మెషినింగ్ కాని కాస్టింగ్‌లో మెటీరియల్ సరిపోతుందో లేదో చూడటానికైతే బెస్ట్‌ఫిట్ మంచిదే.

అపోహ: మెరిసే గ్రానైట్ పలక ఏదైనా డేటమ్‌కు పనికొస్తుంది.

డేటమ్ ముఖం అడుగున పడితే, కింది పలకను తాకించి దాన్నే డేటమ్‌గా తీసుకోవచ్చు. అయితే ఆ పలక ల్యాపింగ్ చేసినదై (సన్నటి పొడితో రుద్ది చదును చేసినదై) ఉండాలి. చీమకుర్తి గెలాక్సీ పలక అద్దంలా ఉన్నా అది పాలిష్ మెరుపు, మైక్రాన్ల చదునుకు హామీ కాదు.

అపోహ: గదికి ఏసీ ఉంటే చాలు.

కొలతకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో నెల్లూరు షెడ్డులోంచి 38 డిగ్రీల వేడితో వచ్చిన 300 మి.మీ. అల్యూమినియం జాబ్ దాదాపు 0.12 మి.మీ. పెరిగి ఉంటుంది, ఉక్కైతే అందులో సగం. అది గది వేడికి దిగేదాకా ఆగాలి. ఈలోగా ప్రోబ్ క్వాలిఫై చేసుకోండి, అంటే కొలత తెలిసిన గోళాన్ని తాకించి ప్రోబ్‌ను సరిచూసుకోండి.