నిమ్మ గజ్జి బ్యాక్టీరియా నోరు మూయించే మందు వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండ చుట్టుపక్కల నిమ్మ రైతులు ఈ మధ్య ఒకే వీడియో పట్టుకుని మా ల్యాబ్‌కు వస్తున్నారు. బ్యాక్టీరియా మాట్లాడుకోకుండా చేసే సీసా వచ్చిందట, కొడితే గజ్జి తెగులు పోతుందట.

అపోహ: మాటలు ఆపితే తెగులు నయమవుతుంది.

వాస్తవం: కాదు. బ్యాక్టీరియా మాటలంటే అవి వదిలే రసాయన సంకేతాలు. సంకేతం చిక్కబడితే తమ సంఖ్య పెరిగిందని గుర్తించి, అన్నీ ఒక్కసారిగా దాడికి దిగుతాయి. ఇదే కోరం సెన్సింగ్. ఆ సంకేతాన్ని తుంచితే దాడి జోరు తగ్గవచ్చు గానీ బ్యాక్టీరియా చావదు, పడిన మచ్చ మానదు.

పైగా అన్నింటిదీ ఒకే సంకేతం కాదు. వీడియోలో గొప్పగా చెప్పే, సంకేతాలను విరగ్గొట్టే ఏఐఐఏ ఎంజైమ్‌ను బాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో కనుగొన్నట్టు 2000లో ప్రకటించారు. అది ఏహెచ్ఎల్ రకం సంకేతాలనే విరగ్గొడుతుంది. గజ్జి తెచ్చే జాంథోమోనాస్ వాడేది డీఎస్ఎఫ్ అనే కొవ్వు ఆమ్లం. దాని మీద ఈ ఎంజైమ్ పనిచేయదు. వరిలో ఎండాకు తెగులు తెచ్చేదీ ఈ జాతిదే, దాని సంకేతమూ డీఎస్ఎఫే. డీఎస్ఎఫ్‌ను మొక్కే తయారుచేసి బ్యాక్టీరియాను తికమక పెట్టేలా బ్రెజిల్‌లో నిమ్మజాతి మొక్కలపై ప్రయోగాలు జరిగాయి. మంచి పరిశోధన, కానీ అది సీసాలో దొరికేది కాదు.

నకిరేకల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "సారూ, రెండుసార్లు కొట్టిన, ఇంకా ఎక్కువైంది" అన్నారు. ఆకును కిటికీ వెలుగులో పెట్టి చూపించాను. గరుకు బొడిపె, చుట్టూ పసుపు వలయం, పక్కనే ఆకుముడత పురుగు తొలిచిన వంకర చార. అలాంటి గాయాల్లోంచి బ్యాక్టీరియా సులువుగా లోపలికి దూరుతుంది. పైగా ఆ సీసాలో మందుగా అమ్మేదీ బతికున్న బ్యాక్టీరియానే, దాన్ని కాపర్ మందుతో ఒకే ట్యాంకులో కలిపారు. కాపర్ ముందు దాన్నే దెబ్బతీయవచ్చు. ఆయన్ని ఏమనగలం? కాయ మీద మచ్చ పడితే ధర పడిపోతుంది, ఆ టెన్షన్‌లో ఎవరైనా కొంటారు.

అపోహ: ల్యాబ్‌లో జన్యువులు మార్చి చేసిన బ్యాక్టీరియాను చేలలోకి వదిలేశారు.

వాస్తవం: ఉత్త పుకారు. గుంపు పెరగగానే కొన్ని వాటంతట అవే చచ్చేలా ఈ.కోలై అనే బ్యాక్టీరియాను 2004లోనే అమెరికాలో తయారుచేశారు, అదీ ల్యాబ్‌లో. మన దేశంలో జన్యుమార్పిడి జీవిని బయట వదలాలంటే కేంద్ర జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతి తప్పనిసరి.

గజ్జికి చేయాల్సింది పాత పనే. వానలకు ముందే మచ్చల కొమ్మలు కత్తిరించి కాల్చండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టండి. కొత్త చిగుళ్లలో ఆకుముడతను అదుపు చేయండి. ఏ జీవ పురుగుమందు సీసా కొన్నా కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, పంట, తెగులు పేరు లేబుల్ మీద ఉన్నాయో లేదో చూసి, బిల్లు అడిగి తీసుకోండి.